పేరు మారింది, క్యూ మారింది – కొలువేదీ?

మా ఇంటి ట్రంకు పెట్టెలో పొలం పాసు పుస్తకం పక్కనే ఇంకో కార్డు భద్రంగా ఉంది. ఇంటర్ పాసయ్యాక మా నాన్న తీసుకున్న ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు అది. మూడేళ్లకోసారి పని మానుకుని, బస్సెక్కి జిల్లా కేంద్రానికెళ్లి రెన్యువల్ చేయించుకునేవాడు. ఒక్క పిలుపూ రాలేదు. చివరికి పొలమే గతి అయింది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1945లో మొదలైన ఈ ఆఫీసులు తర్వాత అందరివీ అయ్యాయి. ఖాళీలు తెలపడం తప్పనిసరంటూ 1959లో చట్టం వచ్చింది. కానీ తెలిపినవాడు అక్కడినుంచే మనిషిని తీసుకోవాలని అందులో లేదు! 1996లో మన కృష్ణా జిల్లా కేసులోనే సుప్రీంకోర్టు, పత్రికల్లో ప్రకటన కూడా ఇవ్వాలంది. న్యాయమే. కార్డు లేనివాడూ నిరుద్యోగే కదా!

2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఎక్స్ఛేంజీకి 'కెరీర్ సెంటర్' అని పేరు పెట్టింది. బస్సు ఛార్జీ తప్పింది, సంతోషం. పాత మెలిక మాత్రం అలాగే ఉంది.

కాలవలో ఎంత పూడిక తీసినా, పైనుంచి నీళ్లు వదలకపోతే మడి తడుస్తుందా? ప్రభుత్వం ముందు తన శాఖల్లో ఖాళీలు నింపాలి. ఎందరు నమోదైతే ఎందరికి కొలువు దొరికిందో ప్రతి కేంద్రమూ ఏటా గోడమీద రాసి చూపాలి.

మిత్రులారా! రేపు డిగ్రీ చేతికొచ్చాక మనమూ పేరు నమోదు చేసుకునేవాళ్లమే. ఆ లెక్క ఇప్పుడే అడుగుదాం. నా నమోదు నంబరు కూడా ఆ ట్రంకు పెట్టెలోకే చేరకూడదు.