రెండు స్ప్రింగుల సైకిలు – ఒక మనవి

ఈ సంచికలో ప్రపంచశాంతి గురించి, నిరుద్యోగం గురించి, కృత్రిమ మేధ గురించి బరువైన వ్యాసాలు ఉంటాయని నాకు తెలుసు. వాటి నడుమ సైకిలు గురించి రాయబోతున్నందుకు పెద్దలు మన్నించాలి. అయితే ఈ ఏడాది కాలంలో నా గది తలుపు తట్టి, "అన్నా, కొండలు దిగే ఫ్రీరైడు సైకిలు కొనాలి. ఇంట్లో ఇరవై వేలు ఇస్తామన్నారు. ఏది కొనమంటావు?" అని అడిగిన జూనియర్లు పదకొండు మంది. పదకొండు మందికీ ఒకటే జవాబు చెప్పి నోరు నొప్పెట్టింది. పన్నెండోవాడు రాకముందే అచ్చులో చెప్పేస్తే మంచిదని ఈ ప్రయత్నం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే ముక్క. తక్కువ డబ్బుకి ఫ్రీరైడు సైకిలు దొరకదు. దొరికేది దాని వేషం. ఆ వేషానికి డబ్బు పెట్టకండి. బ్రేకులకు పెట్టండి.

అసలు ఫ్రీరైడు అంటే ఏమిటి? గడియారంతో పరుగు లేకుండా, గీసిపెట్టిన దారి అంటూ లేకుండా, వాలు మీద రాయీ గట్టూ ఏది ఎదురైతే దాని మీంచి గెంతుతూ దిగడం. ఈ విద్యకు పుట్టిల్లు కెనడా దేశపు పశ్చిమ తీరం. అక్కడ బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ నగరానికి ఎదురుగా నార్త్ షోర్ కొండలున్నాయి. 1990లలో అక్కడి కుర్రాళ్ళు తడి అడవిలో చెక్కలు కొట్టి సన్నటి వంతెనలు కట్టుకుని, వాటి మీంచి సైకిళ్ళు నడిపారు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, వర్జిన్ అనే చిన్న ఊరి దగ్గర ఎర్రరాతి శిఖరాల మీద రెడ్ బుల్ రాంపేజ్ పోటీ మొదలైంది. ఆ తొలి పోటీ నెగ్గినవాడు కెనడావాడైన వేడ్ సిమన్స్. 2024లో మొదటిసారి ఆడవాళ్ళకూ అక్కడ పోటీ పెడితే న్యూజిలాండు అమ్మాయి రాబిన్ గూమ్స్ గెలిచింది. మన లేడీస్ హాస్టల్ వారు గమనించగలరు!

ఆ వీడియోలు చూసి మనసు పారేసుకోని కుర్రాడు ఉండడు. నేనూ పారేసుకున్నాను. కానీ వాళ్ళ కిందనున్న సైకిలు ముందూ వెనకా 170 మిల్లీమీటర్ల నుంచి 200 దాకా కుంగుతుంది. కుంగినది ఎంత వేగంగా లేవాలో నిర్ణయించే నూనె గదులు దాని కడుపులో ఉంటాయి. దాని ధర లక్షల్లో ఉంటుంది. మన ఇరవై వేలకు వచ్చేది దాని మేనమామ పోలిక కూడా కాదు.

ఈ జ్ఞానం నాకు ఉచితంగా రాలేదు. మొదటి సంవత్సరంలో నాన్నగారు చీటీ పాట ఎత్తి పదహారు వేలు చేతిలో పెట్టారు. బజారుకెళ్ళి, ముందూ వెనకా స్ప్రింగులున్న, నల్లటి ఒంటి మీద ఆకుపచ్చ మెరుపు గీతలున్న సైకిలు కొనుక్కొచ్చాను. ఇరవై ఒక్క గేర్లు, రెండు డిస్కులు. హాస్టలు మెట్ల మీద నిలబెడితే పెళ్ళికొడుకులా ఉండేది. పద్ధెనిమిది కిలోలు తూగేది. ఎక్కడానికి ఏనుగు, దిగడానికి కుందేలు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న క్యాంపస్ వెనక దిబ్బ మీంచి దిగుతున్నాం. సగం వాలులో బ్రేకు లీవరు హ్యాండిలుకు అంటుకుపోయింది. ఎంత నొక్కినా సైకిలు ఆగలేదు. ఎదురుగా మోకాలెత్తు గట్టు. ముందు స్ప్రింగు అడుగంటా కుంగి, బంతిలా ఎగిరి, నన్ను హ్యాండిలు మీంచి అవతల పారేసింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడింది, రెండు ల్యాబులు పోయాయి. ఆసుపత్రి ఖర్చు సైకిలు ఖరీదును దాటింది. నాన్నగారు ఒక్క మాట అనలేదు. వరండా బెంచీ మీద కూచుని, "చెయ్యి బాగుపడనీరా, మిగతాది తరవాత చూద్దాం," అన్నారు. ఆయన తిట్టి ఉంటే బావుణ్ణని ఈరోజుకీ అనిపిస్తుంది.

చెయ్యి కట్టుతోనే ఆ సైకిలును రోడ్డు వార మెకానిక్ బాబాయ్ దగ్గరికి నడిపించుకెళ్ళాను. ఆయన ముందు చక్రం గట్టిగా పట్టుకుని హ్యాండిలు నొక్కి వదిలాడు. అది టప్పున లేచింది.

"ఏటి బాబూ, ఇది సైకిలనుకున్నావేటి? బొమ్మ! స్ప్రింగులు రెండున్నాయి గానీ లోన నూనె నేదు. నొక్కితే తోసేస్తాది, అంతే," అన్నాడు.

"మరి డిస్కు బ్రేకులున్నాయి కదా బాబాయ్?"

"డిస్కు అయితే సరిపోద్దేటి? తీగ సాగిపోనాది. ప్యాడు అరిగిపోనాది. కొన్నాక ఎప్పుడైనా బిగించుకున్నావా?"

బిగించుకోలేదు. బిగించాలని తెలియదు. స్ప్రింగు శక్తిని దాచుకుంటుందని, డాంపరు దాన్ని వేడిగా మార్చి మింగేస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. బజార్లో డాంపరు లేని స్ప్రింగును గుర్తుపట్టలేకపోయాను. మన చదువు మీద ఇంతకంటే విమర్శ ఏం కావాలి?

పెట్టె అడుగున పడున్న చిన్న పుస్తకం కూడా ఆరోజే చదివాను. గెంతులకూ, కొండదారులకూ ఈ సైకిలు వాడరాదని అందులో స్పష్టంగా ఉంది! బొమ్మేమో కొండ మీద, మాటేమో పుస్తకం అడుగున. తరవాత తెలుసుకున్నదేమంటే, ఏ.ఎస్.టి.ఎం. అనే ప్రమాణాల సంస్థ సైకిళ్ళను వాడకాన్ని బట్టి తరగతులుగా విభజించింది. ఒకటో తరగతి చదునైన రోడ్డుకు. రెండు కంకర బాటకు. గెంతు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మూడు గతుకుల కొండదారికి, 60 సెంటీమీటర్ల గెంతు వరకు. నాలుగు ఇంకా మోటు దారులకు, 120 వరకు. అయిదోది ఫ్రీరైడు, డౌన్‌హిల్ లాంటి విపరీతాలకు. చాలా కంపెనీలు ఈ అంకెను తమ పుస్తకంలో వేస్తాయి. కొట్టులో ధర అడిగే ముందు ఈ అంకె అడగండి. చెప్పలేకపోతే ఆ సైకిలుకు ఒక నమస్కారం పెట్టి బయటికి రండి.

ఇక బ్రేకుల మీద నాకెందుకింత పట్టుదల? దానికి చరిత్రే సాక్ష్యం. కొండ సైకిలు పుట్టింది కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో. 1976 అక్టోబరులో కొందరు మిత్రులు అక్కడి ఒక కొండ మీంచి, సుమారు రెండు మైళ్ళలో 1300 అడుగులు పడిపోయే మట్టిదారిలో, పందెం పెట్టుకున్నారు. వాళ్ళ కింద ఉన్నవి పాత ఇనప సైకిళ్ళు. పెడలు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు వాటిది. ఒక్కసారి కొండ దిగేసరికి వెనక హబ్బులోని గ్రీజు పొగలై పోయేది. మళ్ళీ గ్రీజు కూరి ప్యాక్ చేస్తే గానీ బండి పనికొచ్చేది కాదు. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరొచ్చింది. చూశారా, ఈ ఆట మొదటి దారికే బ్రేకు కష్టం పేరైంది!

మన ఇంజినీరింగు మిత్రులకు చిన్న లెక్క. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకోండి. నిలువున వంద మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 78 వేల జూళ్ళ పైమాటే. లీటరు నీటిని దాదాపు 19 డిగ్రీలు వేడెక్కించే శక్తి అది. నెమ్మదిగా దిగాలంటే అందులో చాలా భాగాన్ని ఆ రెండు పలచటి డిస్కులే మింగాలి. మింగలేకపోతే మిగిలింది మీ భుజం ఎముక.

కాబట్టి కొనేవారికి నా వరస ఇది.

ముందుగా శిరస్త్రాణానికీ మోకాలి కవచాలకూ డబ్బు విడిగా తీసిపెట్టండి. సైకిలు కొన్నాక మిగిలితే చూద్దామంటే మిగలదు.

రెండోది బ్రేకులు. తీగతో లాగేవి కాక నూనెతో నడిచే హైడ్రాలిక్ బ్రేకులు చూడండి. ముందు డిస్కు 180 మిల్లీమీటర్లుంటే మేలు. 160 ఉంటే, పెద్దది బిగించే వీలుందో లేదో అడగండి.

మూడోది ఫ్రేము. వెనక స్ప్రింగు వద్దే వద్దు. ఆ స్ప్రింగుకీ, కీళ్ళకీ పోయే డబ్బు తక్కువ ధర సైకిల్లో మిగతా అన్ని భాగాల నోరు కొట్టి తెచ్చిందే. వెనక గట్టి ఫ్రేము, ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిలు తీసుకోండి. మీ ఎత్తుకు సరిపోయే సైజే కొనండి. ఆఫరు ఉందని పెద్దది కొనకండి.

నాలుగోది ఫోర్కు. బాబాయ్ పరీక్ష చెయ్యండి: ముందు బ్రేకు పట్టి గట్టిగా నొక్కి వదలండి. బంతిలా ఎగిరితే లోపల నూనె లేదు. నింపాదిగా లేస్తే ఉన్నట్టు. ఇలాంటిది 100 మిల్లీమీటర్లు కుంగినా చాలు, నూనె లేని రెండు స్ప్రింగులకన్నా వెయ్యి రెట్లు నయం.

అయిదోది వెనక హబ్బు. మర బిగించే పాతరకం ఫ్రీవీలు అయితే ఇరుసుకు కుడివైపు ఆధారం దూరమై, గెంతినప్పుడల్లా వంగుతుంది. క్యాసెట్టు రకం అడగండి. గేర్ల సంఖ్య అన్నిటికంటే ఆఖరున చూడండి. ముందు మూడు, వెనక ఏడు గుణిస్తే ఇరవై ఒకటి వస్తుంది. ఎక్కం తప్ప అందులో గొప్పేమీ లేదు.

ఈ వరస ప్రకారమే నేను ఏడాది పాటు పిల్లలకి ట్యూషన్లు చెప్పి, ముప్ఫై నాలుగు వేలు కూడబెట్టి, రెండో సైకిలు కొన్నాను. బూడిద రంగుది. ఎవడూ తిరిగి చూడడు. పుస్తకంలో దాని అంకె మూడు. అందుచేత నేనూ మూడో తరగతి దారుల్లోనే తిరుగుతాను. ఈ రెండేళ్ళలో ఒక్కసారి పడ్డాను, అదీ గేదె అడ్డం వచ్చి.

"అయితే సాహసాలన్నీ లక్షలున్న వాళ్ళకేనా? పేదవాడు కల కనకూడదా?" అని మా రూమ్మేటు నా మీద విరుచుకుపడ్డాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు: కల కనండి, కానీ కొట్టువాడు అమ్మే కల కొనకండి. రీప్యాక్ కొండ దిగినవాళ్ళు ధనవంతులని దిగలేదు. పాత ఇనుము తెచ్చుకుని, తమ బండిలో ఏది ఎక్కడ విరుగుతుందో తెలుసుకుని, చేత్తో బాగుచేసుకుని దిగారు. సాహసం సైకిలు రంగులో ఉండదు. మన కింద ఉన్నదాని హద్దు తెలిసి, దాని అంచుదాకా వెళ్ళి రావడంలో ఉంటుంది. హద్దు తెలియకుండా దూకడాన్ని సాహసం అనరు. దాని ఖర్చు మన ఇళ్ళలో చీటీ పాటల మీద పడుతుంది.

చివరిగా విద్యార్థి సంఘానికి ఒక మనవి. వార్షికోత్సవం నాడు సౌండు బాక్సుల అద్దెకు పోసే డబ్బులో కొంత ఇటు మళ్ళించండి. సైకిలు స్టాండు పక్కన ఖాళీగా ఉన్న గదిలో ఒక రిపేరు స్టాండు, అల్లెన్ కీలు, స్పోకు కీ, గాలి పంపు, అరడజను శిరస్త్రాణాలు పెట్టండి. శనివారం సాయంత్రాలు మెకానిక్ బాబాయ్‌ని కూలి ఇచ్చి పిలవండి. మెకానికల్ విభాగం మాస్టార్లలో ఎవరైనా దయతలచి ఒక్క గంట బ్రేకుల పాఠం ఆ గదిలోనే, నల్లబల్ల లేకుండా, గ్రీజు చేతులతో చెప్పండి. పూర్వ విద్యార్థులు పాత పనిముట్లు ఇచ్చినా మహాప్రసాదమే. ఒక్క ఎముక విరగకుండా ఆగితే ఆ గది ఖర్చు తీరినట్టే.

ఇక పన్నెండో తమ్ముడికి ఒక మాట. నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వచ్చేటప్పుడు ఫోనులో సైకిలు బొమ్మ చూపించకు. దాని పుస్తకం పట్టుకురా, కలిసి చదువుదాం.