ఆ జోక్ తీసే హక్కు ఎవరిది?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే చెవి కోసుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక జోక్ సంగతి చెప్తా వినండి.

గ్నూ సీ లైబ్రరీలో 'అబార్ట్' అనే ఫంక్షన్ ఉంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను అర్ధాంతరంగా ఆపేస్తుంది. మాన్యువల్‌లో దాని దగ్గరే ఒక చురక ఉండేది: ప్రభుత్వ సెన్సార్ వస్తే ఈ ఫంక్షన్ గురించి మీకు చెప్పడం కూడా కుదరకపోవచ్చు, అని. అమెరికాలో అబార్షన్ సమాచారం చెప్పనీయకుండా నోళ్లు కట్టేసే నిబంధనల మీద వెటకారం అది.

2018లో ఒకరు దాన్ని తీసేస్తూ ప్యాచ్ పంపారు. లైబ్రరీని రోజూ మోసే డెవలపర్లు కొందరు సరేనన్నారు, తీసేశారు. రిచర్డ్ స్టాల్‌మన్ ఒప్పుకోలేదు. గ్నూ ప్రాజెక్టు పెద్దగా ఆఖరి మాట తనదేనన్నాడు. జోక్ తిరిగొచ్చింది.

ఆ జోక్‌తో నాకు పేచీ లేదు. అది అధికారాన్ని గిల్లింది. హాస్టల్లో రిజర్వేషన్ మీద జోకులేసి "సరదాకి బ్రో" అనేవాళ్లు దీన్ని అడ్డం పెట్టుకోవద్దు, వాళ్లు గిల్లేది పక్క మంచం మీది పిల్లాడిని.

నా పేచీ ఆ ఆఖరి మాటతో. నడుపుకో, చదువుకో, మార్చుకో, పంచుకో అని లైసెన్సు నాలుగు స్వేచ్ఛలిస్తుంది. నచ్చకపోతే ఫోర్క్ చేసుకో అంటారు, అంటే వేరు కుంపటి. ఊరవతల వాడల్లో బతికిన మనకు ఆ సలహా కొత్తదా? కోడ్ అందరిదీ, కూటంలో ఓటు మాత్రం ఏ లైసెన్సూ ఇవ్వదు.

డెబియన్ వాళ్లు 1998లోనే రాజ్యాంగం రాసుకున్నారు. ఏటా లీడర్‌ను ఎన్నుకుంటారు, ఆ లీడర్ నిర్ణయాన్నీ ఓటుతో కొట్టేయొచ్చు. ఏదైనా ప్రాజెక్టులో చేరే ముందు అలాంటి కాగితం ఉందా అని అడగండి.