ఉత్తరమూ అమానతే

ఒకప్పుడు జిద్దా నుంచో, రియాద్ నుంచో వచ్చిన ఉత్తరాన్ని ఇంట్లో ఇనుప పెట్టె అడుగున దాచేవారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో కొడుకును గల్ఫ్‌కు పంపిన ఇళ్లలో ఇప్పుడు ఫోన్‌లోని ఈమెయిలే ఆ పెట్టె. ఉద్యోగ ఒప్పందం, వీసా నకలు, రావలసిన జీతం గురించి యజమానితో సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలు, అప్పుల వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అల్‌బఖరా సూరాలోని 282వది, గడువు పెట్టుకున్న అప్పును వ్రాసి ఉంచుకోమని ఆదేశిస్తోంది. వ్రాసినదాన్ని పోగొట్టుకుంటే వ్రాసి ఏం లాభం?

ఈ ఉత్తరాలు దొంగల వల్ల కన్నా, శుభ్రం చేసేవారి వల్లనే ఎక్కువగా పోతాయి. ‘స్టోరేజీ నిండింది’ అని ఫోన్ హెచ్చరిస్తుంది. ఇంట్లోని చదువుకున్న పిల్లవాడు పాత మెయిళ్లన్నీ తుడిచేస్తాడు. నిజానికి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటును మెయిళ్లతోపాటు ఫొటోలు, వీడియోలు కూడా పంచుకుంటాయి. పెళ్లి వీడియో ఒక్కటి తీసేస్తే వేల ఉత్తరాలకు చోటు దొరుకుతుంది. ఫోన్‌లోని జీమెయిల్‌లో తుడిచిన ఉత్తరం గూగుల్ వద్ద కూడా చెత్తబుట్టలో పడుతుంది. 30 రోజుల తర్వాత అక్కడి నుంచీ పోతుంది. ఫోన్‌లో ఒకటి, గూగుల్ వద్ద ఒకటి అని రెండు నకళ్లు ఉన్నాయనుకోవడం భ్రమ.

గూగుల్ సంస్థకే ఇటువంటి అనుభవం ఎదురైంది. 2011 ఫిబ్రవరి చివర ఉత్తరాలను నిల్వచేసే సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా నవీకరిస్తుండగా దానిలోని ఒక దోషం వల్ల 0.02 శాతం మంది, అంటే పదివేలకు ఇద్దరి, జీమెయిల్ పెట్టెలు ఖాళీ అయ్యాయి. వేర్వేరు కేంద్రాల్లో నకళ్లున్నా అవన్నీ ఒకే వ్యవస్థలోనివి కనుక దోషం వాటికీ సోకింది. ఆ వ్యవస్థతో సంబంధం లేకుండా విడిగా టేపుల మీద దాచిన నకలే చివరకు ఆదుకుంది.

యమామా యుద్ధంలో ఎందరో హాఫిజులు అమరులైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెంది, హజ్రత్ అబూబక్ర్ (రజి)ను ఒప్పించారు. ఖుర్ఆన్‌ను ఒకచోట చేర్చే బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) స్వీకరించారు. హృదయాల్లో భద్రంగా ఉన్నా, పుటలపై కూడా ఉండాలని వారు తలచారు. మన జాబులను ఆ గ్రంథంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. జాగ్రత్త ఎలా తీసుకోవాలో ఆ మహనీయుల నుంచి నేర్చుకోవచ్చు.

కనుక ఫోన్‌ను రిపేరుకు ఇచ్చే ముందు, పాత మెయిళ్లు తీసే ముందు, ముఖ్యమైన వాటిని ‘గూగుల్ టేకౌట్’ ద్వారా దించుకుని పెన్‌డ్రైవ్‌లో ఉంచాలి. ఒప్పందాన్ని కాగితంపైనా అచ్చు తీయాలి. అలాగని కాగితాన్నే నమ్ముకోవడమూ సరికాదు. 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్ ప్రాంతంలో ఇళ్లే మునిగిన సంగతి మరచిపోలేం. దుకాణాల్లోని పాత కంప్యూటర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు ఉత్తరాన్ని దించుకోగానే సర్వర్ నుంచి తీసేస్తాయి. అటువంటి యంత్రాన్ని ఫార్మాట్ చేస్తే ఉన్న ఒక్క నకలూ పోతుంది. గల్ఫ్‌కు వెళ్లినవారి ఇక్కడి సిమ్‌కు చాలాకాలం రీచార్జి చేయకపోతే ఆ నంబరు రద్దయి, పాస్‌వర్డ్ మరచిన నాడు ఖాతాను తిరిగి తెరిచే దారీ మూసుకుపోతుంది.

వారసత్వాన్ని పంచే ముందు మృతుని అప్పు తీర్చాలన్నది షరీఅత్ నియమం. అప్పు వివరాలు భర్త మెయిల్‌లో ఉండి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే ఆ భార్యాబిడ్డలు ఏం చేయగలరు? పైగా రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ ఖాతాలోనే ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే ఏర్పాటు ఉంది. మనం నిర్ణయించిన గడువు, కనిష్ఠంగా మూడు నెలలు, ఖాతా వాడకుండా గడిచిపోతే మనం ఎంచుకున్న వ్యక్తికి కబురు వెళ్లి, ఉత్తరాల నకలు తీసుకునే వీలు కలుగుతుంది. విమానం ఎక్కే ముందు వసీయత్‌నామా వ్రాసేవారు ఆ రోజే భార్య ఈమెయిల్‌నో, పెద్ద కుమారుని ఈమెయిల్‌నో అందులో నమోదు చేయవచ్చు.