ఆ రోజులే వేరట!

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు గురించి చదివినప్పుడల్లా మా ఆయన "ఆ రోజులే వేరు" అని నిట్టూరుస్తారు. రహీం సాబ్ శిక్షణ, 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు! ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం అయిపోయిందని బెంగ. చదివితే నాకూ గర్వమే. కానీ ఆ కథల్లో నాకు ఒక్క ఆడపిల్లా కనబడలేదు.

అదే మనిషి, మా బాన్సువాడలో బిడ్డ ఆటకు పోతానంటే "పొద్దుగూకింది, వద్దు" అంటారు. ఇన్నాళ్లూ నేనూ తలూపాను. తప్పే. పోయిన మైదానం కోసం బెంగపడేవాళ్లు ఉన్న మైదానానికి బిడ్డను పంపరా? 2022లో బాక్సింగ్ ప్రపంచ విజేత నిఖత్ జరీన్ మన నిజామాబాద్ పిల్లే. ఆమెకు తండ్రి అండగా నిలిచాడు.

రేపట్నుంచి మా బిడ్డను నేనే తీసుకెళ్తా. మరి మీరు?