తప్పు కోడ్‌ది కాదు, చదివినవాడిది

మన ఆఫీసులో ఒక సీను ఊహించుకోండి. ప్రొడక్షన్ లాగ్‌లో "డేటాబేస్ జవాబివ్వడం లేదు" అని ఒక లైను పడింది. కొత్తగా చేరిన కుర్రాడు అది చదివి "డేటాబేస్ సర్వర్ పోయింది సార్, కొత్తది కొనేద్దాం" అన్నాడు. ఏం చేస్తారు? ముందు నవ్వుతారు. తర్వాత కూర్చోబెట్టి, నెట్‌వర్క్ చూశావా, డిస్క్ నిండిందేమో చూశావా అని క్లాసు పీకుతారు.

అదే మాట కార్ల సర్వీస్ సెంటర్లో ఇస్త్రీ చొక్కా అడ్వైజర్ అంటే మాత్రం నోరు మూసుకుని కార్డు గీకేస్తాం. నేనూ గీకబోయినవాణ్ణే.

పోయిన వానాకాలంలో మా కారుకి జబ్బు చేసింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే మూలుగుతుంది. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగి ఆరతాయి, ఏబీఎస్ దీపం మాత్రం ఆరదు. వారంటీ అప్పటికే అయిపోయింది. సర్వీస్ సెంటర్లో స్కానర్ తగిలిస్తే యూ0121 అని వచ్చింది. "ఏబీఎస్ మాడ్యూల్ పోయింది సార్, 62 వేలవుతుంది" అన్నారు. పరీక్ష ఎంతసేపు జరిగిందంటే, వాళ్ళిచ్చిన టీ నేను తాగినంతసేపు!

ఇంతకీ యూ0121 అంటే ఏంటి? "ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట కలవడం లేదు" అని కారులోని ఇంకో కంప్యూటర్ రాసుకున్న ఫిర్యాదు. అంతే. పింగ్‌కి జవాబు రాకపోతే అవతలి మిషన్ చచ్చినట్టా? దానికి కరెంటు అందకపోవచ్చు, ఎర్త్ సరిగా లేకపోవచ్చు, మధ్యలో తీగ తెగి ఉండొచ్చు.

తీగల సంగతి తేల్చడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. క్యాన్ బస్‌కి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి. బ్యాటరీ కనెక్షన్ తీసేసి ఓబీడీ సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 రావాలి. 120 వస్తే ఎక్కడో తెగినట్టు. సున్నా దగ్గరికొస్తే రెండు తీగలూ ఎక్కడో కలిసినట్టు. గేట్‌వే ఉన్న కార్లలో లోపలి బస్ దగ్గరికెళ్ళి కొలవాలి, అదొక్కటే తేడా. నా ఎస్టిమేట్ కాగితంలో ఇలాంటి అంకె ఒక్కటి లేదు. ఉన్నదల్లా ధరే.

62 వేలకి మనసొప్పక మా వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మల్టీమీటర్ తీసి ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి బాడీ ఇనుము మీద పెట్టి "సెల్ఫ్ కొట్టుండ్రి సార్" అన్నాడు. కొట్టాను. 1.8 వోల్టులు! అక్కడ 0.2 దాటితేనే అనుమానించాలి. బ్యాటరీ ట్రే కింద ఎర్త్ కేబుల్ బాడీకి బిగించిన చోట విప్పితే అంతా తుప్పు. "పెట్టె మంచిగనే ఉంది సార్, ఎర్త్ ఖరాబైంది" అన్నాడు. ఎమరీ పేపర్‌తో రుద్ది, కొత్త లగ్గు వేసి బిగించాడు. 400 రూపాయలు. కోడ్ చెరిపేశాక మళ్ళీ రాలేదు.

ఇక్కడో తమాషా ఉంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ కేబుల్లో 150 ఆంపియర్లు పోతున్నాయనుకుంటే, 1.8 వోల్టులు పడడానికి 12 మిల్లీ ఓమ్‌లు చాలు. ఊరికే ఓమ్స్‌లో పెట్టి చూస్తే మామూలు మీటర్ "బీప్" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. లోడు లేనప్పుడు పాస్, లోడు పడగానే ఫెయిల్. "నా మిషన్‌లో బాగానే పనిచేస్తోందే" అనే డైలాగ్ ఎన్నిసార్లు వినలేదు మనం!

"ఇవాళ్టి కార్లు కంప్యూటర్లండీ, వీధి మెకానిక్‌లు ఈసీయూ కాల్చేస్తారు" అంటారు కొందరు. నిజమే, పాతకాలం బల్బు టెస్ట్ ల్యాంప్‌తో సెన్సర్ తీగలు గెలికితే కాలొచ్చు. కానీ దానికి మందు మంచి డిజిటల్ మీటరూ, వైరింగ్ డయాగ్రమూ. ఆ డయాగ్రమ్ ఆయనకి ఎవరిస్తున్నారు? విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ ఏకంగా 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్ళు, కోర్టులు మామూలే. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా పెట్టింది. పోర్టల్ పెట్టినంత మాత్రాన మా ఎలక్ట్రీషియన్ చేతిలోకి డయాగ్రమ్ వచ్చి పడదు కదా.

అయితే అసలు దోషం కంపెనీలదొక్కటే కాదు, మనదీ ఉంది. డబ్బాలో వచ్చిన కొత్త మాడ్యూల్‌కి 62 వేలంటే మారు మాట్లాడం. అదే "గంటసేపు వెతికాను, వెయ్యి ఇవ్వండి" అంటే "ఏం మార్చావని వెయ్యి?" అంటాం. నేనే ఆ 400 దగ్గర ఒక్క క్షణం తటపటాయించాను, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా. గంటల లెక్కన క్లయింటుకి బిల్లు వేసి బతికే జాతి మనది! రెండ్రోజులు వెతికి ఒక్క లైను మార్చి బగ్ ఫిక్స్ చేస్తే, ఆ రెండ్రోజులకీ జీతం తీసుకుంటాం. ఎదుటివాడి బుర్రకి మాత్రం వెల కట్టం. బుర్రకి డబ్బులివ్వనప్పుడు వాడు సామాను అమ్మక ఏం చేస్తాడు?

అందుకని ఇకమీదట ఎవరైనా "మాడ్యూల్ పోయింది" అంటే ఒకే ప్రశ్న వేయండి. "దానికి కరెంటు, ఎర్త్ లోడు మీద ఎంత వస్తున్నాయో కొలిచారా? అంకె రాసివ్వండి. కొలిచినందుకు డబ్బులు విడిగా ఇస్తాను." అంకె చూపించలేనివాడికి కారు అప్పజెప్పకండి. చూపించినవాడి దగ్గర బేరమాడకండి.

ఆ కుర్రాడికి పీకిన క్లాసు మనక్కూడా వర్తిస్తుందిగా మరి?