పామ్ బీచ్ ఎవరిది?

2014లో వాట్సాప్‌ని ఫేస్‌బుక్ కొనేసింది. మన ఫోన్లో ఆ ఆకుపచ్చ గుర్తు మాత్రం అలాగే ఉంది. పేరు మారకపోతే ఓనర్ మారిన సంగతి సగం మందికి తెలియనే తెలియదు. దానికి సరిగ్గా వందేళ్ల ముందు, 1914లో, ఇచ్ఛాపురం అవతల గోపాలపూర్ సముద్రపు ఒడ్డున మొదలైన ఓ హోటల్‌ది కూడా ఇదే కథ. దాని పేరు పామ్ బీచ్.

పెట్టింది మగ్లియోని అనే ఇటలీ ఆయన. తర్వాత అది ఒబెరాయ్ చేతికొచ్చింది. ఇప్పుడు భువనేశ్వర్‌కి చెందిన మేఫెయిర్ గ్రూపుది. ఓనర్లు మారినా 'పామ్ బీచ్' అన్న పేరు మాత్రం నిలిచింది.

ఒడిశాలో హోటల్‌తో మనకేటి సంబంధం అంటారా? అది తెరిచిన రోజుల్లో శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, బరంపురం, గోపాలపూర్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. మనవైపు ఊళ్లు విశాఖ జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. అంటే హోటల్ ఒక్కటే కాదు, జిల్లా కూడా చేతులు మారింది.

ఆ ఒడ్డు నుంచే రంగూన్‌కి స్టీమర్లు వెళ్లేవి. దొరలు గాలి మార్పు కోసం హోటల్లో దిగేవారు. మనవాళ్లు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి ఓడెక్కేవారు. ఓనర్ల జాబితాలో వీళ్లెక్కడా కనిపించరు. ఏ ఆస్తికైనా ఈసీ తీయండి. అమ్మిందెవరు, కొన్నదెవరు, అంతే వస్తుంది. వంట చేసిందెవరో, పక్కలు పరిచిందెవరో రాదు.

అందుకే పాత ఆస్తి అమ్ముడైందని వింటే నేను ధరకంటే ముందు ఒకటి అడుగుతాను. ఇప్పుడు లోపలికి ఎవరెళ్లగలరు? విజయనగరం కోట చూడండి. 1713లో పునాది పడిన రాజుల కోట అది. 1958లో పి.వి.జి. రాజు గారు మాన్సాస్ ట్రస్టు పెట్టి దాన్ని చదువులకి ఇచ్చేశారు. ఒకప్పుడు సామాన్యుడు తొంగి చూడలేని గుమ్మంలోంచి ఇవాళ బ్యాగులు తగిలించుకుని కాలేజీ పిల్లలు లోపలికెళ్తున్నారు. అక్కడ కూడా చేతులు మారాయి. కానీ తలుపు తెరుచుకుంది.

హోటల్ అంటే వ్యాపారం, ట్రస్టు కాదు, నిజమే. అమ్మకాన్ని మనం ఆపలేం. కానీ మీ ఊరి బస్టాండ్ దగ్గర పాత హోటల్‌కి బోర్డు మారుతుంటే ఓసారి ఆగండి. పాత వంటమాస్టర్‌ని ఉంచారా, సర్వర్లు ఏమయ్యారు, ఒక్క టీ తాగి పేపరు చదువుకునే పెద్దాయనకి ఇంకా కుర్చీ ఉందా అని అడగండి. విన్నది ఫోన్లో రాసి పెట్టుకోండి. అదేదీ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరకదు.