ఎవరి కళ్ల కోసం ఈ వేషం?

మానవుడు తొడుక్కున్న మొట్టమొదటి మంచి వస్త్రం అతడు కొనుక్కున్నది కాదు. ఏదెను తోటలో ఆదాము హవ్వలు తమ సిగ్గును దాచుకోవడానికి అంజూరపు ఆకులు కుట్టుకున్నారు. అవి చాలలేదు. దేవుడే చర్మంతో చొక్కాయిలు చేయించి వారికి తొడిగించాడు (ఆది 3:21). ఈ కాలపు పిల్లలు ఆన్‌లైన్ ఆటల్లో తమ వీరులకు తొడిగే వేషాన్ని 'స్కిన్' అంటారు. అంటే చర్మమే! మాట ఒకటే గాని కథ తిరగబడింది. అక్కడ దేవుడు ఉచితంగా ఇచ్చి మనిషి సిగ్గును కప్పాడు. ఇక్కడ మనిషి డబ్బిచ్చి కొని లేని గొప్పను కప్పుకుంటున్నాడు.

పెద్దల కోసం ఈ సంగతి కొంత వివరించాలి. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ కంపెనీ 2016 మే నెలలో 'ఓవర్‌వాచ్' అనే ఆటను విడుదల చేసింది. ఎక్కడెక్కడి వారో ఇంటర్నెట్ ద్వారా రెండు జట్లుగా చేరి ఆడతారు. ఒక్కొక్కరూ ఒక్కో వీరుణ్ణో వీరనారినో ఎంచుకుంటారు. ఒకసారి కొంటే అయిపోయే ఆట కాదిది. కొత్త వీరులు, కొత్త వేషాలు వస్తూనే ఉంటాయి. అయితే వీరుడి బలం వేరు, వేషం వేరు. ఎంత ఖరీదైన వేషం తొడిగినా తగిలే దెబ్బ ఒక్కటి తగ్గదు, బలం రవ్వంత పెరగదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆడేవాడు ఆ లోకాన్ని ఎక్కువగా తన వీరుడి కళ్లలోంచే చూస్తాడు. కాబట్టి పోరు సాగుతున్నంతసేపు అతనికి కనిపించేవి దాదాపుగా చేతులు, ఆయుధం మాత్రమే. తాను కొన్న వేషం తనకంటే ఎదుటివారికే ఎక్కువగా కనిపిస్తుంది! మరి అతడు ఎవరి కోసం కొన్నట్టు?

ఈ బలహీనత వ్యాపారులకు బాగా తెలుసు. మొదట్లో ఆ వేషాలను పెట్టెల్లో పెట్టి అమ్మారు. పెట్టెకు నాలుగు వస్తువులు. ఏవి వస్తాయో తెరిచేదాకా తెలియదు. కోరుకున్నది రాకపోతే ఇంకో పెట్టె. 50 పెట్టెలు సుమారు 40 డాలర్లు. ఇది జూదమేనని 2018 ఏప్రిల్‌లో బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆ దేశంలో పెట్టెల అమ్మకం ఆగింది. 2022 అక్టోబరులో ఆట రెండవ రూపంలో వచ్చినప్పుడు పెట్టెలు పోయి దుకాణం వచ్చింది. అప్పట్లో మేలురకం వేషం ఒక్కటి 1,900 నాణేలు. అన్ని నాణేలు కొనాలంటే అమెరికాలో సుమారు 20 డాలర్లు. అసలు డబ్బులో ధర చెబితే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు కూడా ఆటనాణేల్లో చెబితే తీసుకోడు. పైగా 'కొద్దిరోజులే' అన్న గడువు ఒకటి. 2025 ఫిబ్రవరిలో పెట్టెలు మళ్లీ వచ్చాయి, ఈసారి ఆడి సంపాదించుకునేవిగా.

వస్త్రం కోసం అదృష్టాన్ని పరీక్షించుకున్న వారు సువార్తలోనూ ఉన్నారు. కల్వరిలో సైనికులు ప్రభువు వస్త్రాలను నాలుగు భాగాలు చేసుకున్నారు. కుట్టు లేకుండా నేసిన అంగీని మాత్రం చింపడానికి మనసొప్పక చీట్లు వేసుకున్నారు (యోహాను 19:23, 24). వాళ్ల తలల పైనే లోకరక్షకుడు వేలాడుతున్నాడు. అంగీకి కుట్టు లేదన్న సంగతి వాళ్లు గమనించారు గాని దాన్ని తొడుక్కున్నవాడు ఎవరో గమనించలేదు. వేషాల మోజులో అసలు ప్రమాదం డబ్బు పోవడం కాదు, ఇదే! వస్త్రం కనబడుతుంది, మనిషి కనబడడు. పండుగ వేషం గడువు ఈ రాత్రితో ముగుస్తుందని మేలుకున్న కుర్రవాడికి పక్కగదిలో దగ్గుతున్న నాయనమ్మ వినబడదు.

ఆకాను సంగతి కూడా చూడండి. యెరికోలో అతని కంటికి ముందు నచ్చింది షీనారు దేశపు పైవస్త్రం. వెండి, బంగారాలతో పాటు దాన్నీ తెచ్చి గుడారంలో నేల కింద దాచాడు (యెహో 7:21). తొడుక్కుని నలుగురిలోకి వచ్చే భాగ్యం అతనికి లేకపోయింది. వందల వేషాలు కూడబెట్టిన ఆటగాడు కూడా ఒక సమయంలో తన వీరుడికి తొడిగేది ఒక్కటే. 'ఆకాను దొంగిలించాడు, మేము కొంటున్నాం' అని యువత అనవచ్చు. నిజమే, తేడా ఉంది. కానీ నాన్న ఫోన్ తీసుకుని, నాన్నకు తెలియకుండా చెల్లించిన రోజున ఆ తేడా ఎక్కడుంది? అది కూడా గుడారం కింద దాచడమే.

పోనీ, కొన్నవి నిలుస్తాయా? సోనీ కంపెనీ 'కాంకార్డ్' అనే ఇలాంటి వీరుల ఆటను 2024 ఆగస్టు 23న విడుదల చేసింది. ఆదరణ లేక సెప్టెంబరు 6న మూసివేసింది. సరిగ్గా రెండు వారాలు! కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ వీరులు, వారి వేషాలు మాత్రం మాయమయ్యాయి. భూమిమీది ధనాన్ని చిమ్మట తింటుందని ప్రభువు హెచ్చరించాడు (మత్తయి 6:19). ఈ వస్త్రాలకు చిమ్మట కూడా అక్కరలేదు, ఎక్కడో ఒక మీట నొక్కితే చాలు. ఓవర్‌వాచ్ ఒప్పందపత్రం చదివినా అదే తేలుతుంది: వేషం మనకు సొంతం కాదు, వాడుకోవడానికి కంపెనీ ఇచ్చిన అనుమతి మాత్రమే.

ఇది చదివి పిల్లల్ని కోప్పడటానికి లేవబోతున్న పెద్దలు ఒక్క నిమిషం ఆగాలి. ముందు మన బీరువాలు తెరుద్దాం. నిరుడు క్రిస్మస్ ఆరాధనకు కట్టిన పట్టుచీరను 'అందరూ చూసేశారు' అని ఈ ఏడు కట్టడానికి మనసొప్పని తల్లులు లేరా? సూటు నలగకూడదని కింద కూర్చోవడానికి వెనకాడే పెద్దలు లేరా? మనం గుడి గుమ్మంలో చేస్తున్నదే పిల్లలు తెరమీద చేస్తున్నారు. ఆట పాపం కాదు. రంగులను ఇష్టపడటం పాపం కాదు. సొలొమోను కన్నా అందంగా అడవిపువ్వులను అలంకరించిన దేవుడు అందానికి శత్రువు ఎలా అవుతాడు? అందం ఎవరి కళ్ల కోసం, ఎవరి ఖర్చుతో అన్నదే ప్రశ్న.

ఈ ఆటలోనే ఒక మంచి సంగతి కూడా జరిగింది. అందులో 'మెర్సీ' అనే పాత్ర ఉంది. కనికరం అని ఆ పేరుకు అర్థం. గాయపడిన తోటివారిని బాగుచేయడమే ఆమె పని. 2018 మే నెలలో ఆమెకు ఒక గులాబీరంగు వేషం తయారుచేసి 15 డాలర్లకు అమ్మి, వచ్చిన సొమ్మును రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఇచ్చారు. కోటీ 27 లక్షల డాలర్లు పోగయ్యాయి! ఆ మేలును తక్కువ చేయనక్కరలేదు. అయితే మనల్ని మనం ఒక మాట అడుగుదాం. బదులుగా వేషం రాకపోతే ఆ 15 డాలర్లు ఇచ్చేవాళ్లమా? కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలికి బదులుగా ఏమీ రాలేదు. అయినా ప్రభువు కళ్లు ఆమెను చూశాయి.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు (అపొ.కా. 9:39). దొర్కా బీరువా ఆ విధవరాండ్ర ఒంటిమీద ఉంది! బైబిలంతటిలో ఇంత అందమైన వస్త్రాల సేకరణ మరొకటి లేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ పిల్లవాడి పక్కన కూర్చుని 'నీ వేషాలన్నీ చూపించు నాయనా' అని అడగండి. ఏది ఎందుకు నచ్చిందో చెప్పనివ్వండి. తర్వాత ఇద్దరూ కలిసి నాణేలను రూపాయల్లోకి మార్చి లెక్క రాయండి. యువతీయువకులారా, మీరు తర్వాత కొనాలనుకున్న ఒక్క వేషాన్ని వదిలి, ఆ సొమ్ముతో ఈ చలికాలం రైల్వేస్టేషన్‌లో పడుకునే ఒకరికి దుప్పటి కప్పండి. ఆ సంగతి ఎవరికీ చెప్పకండి.

జాలి, దయ, వినయం, సాత్వికం, దీర్ఘశాంతం ధరించుకోమని పౌలు కొలొస్సయులకు రాశాడు (3:12). గ్రీకు మూలంలో అక్కడ వాడిన క్రియ బట్టలు తొడుక్కోవడానికి వాడేదే. ఈ వస్త్రాలకు గడువు లేదు, వీటి ధర సిలువమీద ముందే చెల్లించబడింది. తన ఒంటిమీది వేషం ఆటగాడికి కనబడనట్టే, నిజంగా కనికరం ధరించుకున్న వాడికీ తన వస్త్రం కనబడదు. కానీ ఎదుటివాడి చలి తీరుతుంది. అలాంటి వస్త్రంతో ప్రభువు మనల్ని అలంకరించును గాక!